పాత కంప్యూటరే రౌటరైతే ఏ సాఫ్ట్‌వేరు సులభం?

ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామంది ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడేవారే అయివుంటారు. నేనూ అంతే. పావగడ తాలూకాలోని ఒక పల్లెలో హైస్కూలు టీచరుగా పనిచేస్తున్నాను. తరగతిలో లెక్కలూ సైన్సూ కన్నడంలో చెబుతాను. గంట కొట్టగానే అదే పిల్లలు వరండాలో నాతో తెలుగులో మాట్లాడతారు. మా తాలూకాకు దాదాపు మూడువైపులా ఆంధ్రప్రదేశే గనుక ఇందులో వింతేమీ లేదు. ఈ రెండు భాషల సంగతి తరువాత మళ్ళీ వస్తుంది కనుక ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఈనాటి విషయం ఏమిటంటే, మామూలు కంప్యూటరును రౌటరుగా మార్చుకోవాలనుకునేవారు అందులో ఏ సాఫ్ట్‌వేరు వేసుకోవాలి, వాటిలో వాడటానికి సులభమైనది ఏది అన్నది. ఇంట్లో మూడు ఫోన్లూ ఒక టీవీ ఉన్నవారికి దీని అవసరం లేదు. లైనుతోపాటు ఇచ్చిన చిన్నపెట్టె వారికి చాలు. ఒకే లైను మీద పదిపన్నెండు కంప్యూటర్లు నడిపే బడులు, హాస్టళ్ళు, గ్రంథాలయాలు, సహకార సంఘాల ఆఫీసులు, జిరాక్సు దుకాణాలవారు ఉన్నారు గదా, వారికోసం ఈ మాటలు.

ముందు రౌటరు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. మనం సరిహద్దు వాళ్ళం కాబట్టి చెక్‌పోస్టు అంటే చాలు. 2017లో జి.ఎస్.టి. వచ్చేదాకా మన రోడ్లమీద పన్నుల చెక్‌పోస్టులు ఉండేవి. లారీ ఆగాలి, కాగితాలు చూపాలి, పుస్తకంలో రాసుకున్నాక కర్ర లేస్తుంది. రౌటరు చేసేది అటువంటి పనే. లోపలి కంప్యూటరు ఏదైనా బయటికి ఒక కోరిక పంపితే, ఫలానావారు ఫలానాచోటికి వెళ్ళారని రాసుకుంటుంది. జవాబు తిరిగి వస్తే పుస్తకం చూసి ఆ కంప్యూటరుకే అందిస్తుంది. ఎవరూ పిలవకుండా బయటినుంచి వచ్చినదాన్ని వెనక్కి తిప్పుతుంది. చిన్నపెట్టెలోనూ ఈ పనే జరుగుతుంది, కాని దానిలో జ్ఞాపకశక్తి తక్కువ. పెద్ద బరువు మోయించటానికే పాత కంప్యూటరును ఆ స్థానంలో కూర్చోబెడతాం.

మా బడికి 2022లో పూర్వ విద్యార్థులు పన్నెండు పాత ఆఫీసు కంప్యూటర్లు ఇచ్చారు. ఫైబరు లైను ఒకటే. పిల్లలు వీడియో పాఠం పెడితే ఆఫీసులో గుమాస్తాగారు మార్కులు ఎక్కించే పని ఆగిపోయేది. ఆయన మార్కులు ఎక్కించేటప్పుడు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చునేవారు. పన్నెండింట్లో ఒకదాన్ని రౌటరుగా పెడదామని నేనే ముందుకు వచ్చాను. బెంగుళూరులో ఉద్యోగం చేసుకునే నా పాత విద్యార్థి ఒకడు ఫోనులో చెబుతుంటే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే సాఫ్ట్‌వేరు వేశాను. 2004 ప్రాంతంలో ఒక ఇంటి రౌటరు కోసం మొదలైన ప్రాజెక్టు అది. చాలా చిన్నది, చాలా తెలివైనది. మామూలు కంప్యూటరు మీద కూడా చక్కగా నడుస్తుంది. నల్లతెర మీద ఆదేశాలు టైపుచేసి నాకు కావలసినవన్నీ అమర్చుకున్నాను. వీడియో నడుస్తుండగానే మార్కులు ఎక్కటం మొదలైంది. హెడ్మేష్టరుగారు మెచ్చుకున్నారు. నాకూ కొంచెం గర్వంగానే ఉండింది, దాచటమెందుకు?

2023 డిసెంబరులో పదిరోజుల శిక్షణకు నేను బయటి ఊరు వెళ్ళాను. నాలుగోరోజు బడిలో కరెంటు పోయి వచ్చింది. మిగతా కంప్యూటర్లను ఎవరికివారు వేసుకున్నారు. ఒక మూలనున్న రౌటరు కంప్యూటరును వేయాలని ఎవరికీ తోచలేదు. తోచేసరికి మధ్యాహ్నమైంది. అంతకుముందు రోజు గది ఊడ్చేటప్పుడు దాని వెనక వైర్లు రెండూ తీసి మళ్ళీ పెట్టారట. ఏది ఎక్కడ ఉండేదో గుర్తులేదు. మా అటెండరన్న నాకు ఫోను చేశాడు.

"అన్నా, ఈటిహెచ్ సున్నా అనేదాంట్లో లోపలి వైరు ఉండాల, ఈటిహెచ్ ఒకటిలో బయటిది," అన్నాను.

"మేడం, ఆడ సున్నా లేదు, ఒకటీ లేదు. రెండు బొక్కలుండాయి. రెండు వైర్లూ నల్లవే," అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ వారంలోనే ఉపకారవేతనాల దరఖాస్తులకు గడువు ముగుస్తోంది. పదో తరగతి అమ్మాయి ఒకతెది మిగిలిపోయింది. తల్లి శనక్కాయ చేలలో కూలికి పోతుంది. స్కానరు ఉన్నది మా ఆఫీసులో. మా గుట్టల మధ్య ఫోనులో మాట వినిపిస్తుందిగాని డేటా రాదు. ఆఖరిరోజు సాయంత్రం అటెండరన్నే ఆ పిల్లనూ తల్లినీ వెంటబెట్టుకుని బస్సులో పావగడకు తీసుకెళ్ళి, ఒక సైబరు దుకాణంలో దరఖాస్తు ఎక్కించాడు. ఎక్కింది, అంతవరకు అదృష్టం. ఆ తల్లికి ఒకరోజు కూలి పోయింది. తప్పు సాఫ్ట్‌వేరుది కాదు, అటెండరన్నది అంతకన్నా కాదు. నాకొక్కదానికే తెలిసిన పద్ధతిలో అమర్చి, అది సులభంగా ఉందనుకున్న నాది.

ఆ తరువాత నా ప్రశ్న మారింది. ఏది త్వరగా ఎక్కుతుంది, దేనిలో సౌకర్యాలు ఎక్కువ అని చూడటం మానేశాను. నేను ఊళ్ళో లేనిరోజున మా బడిలో మిగతావారు దేన్ని నిలబెట్టగలరు అని చూడటం మొదలుపెట్టాను. 2024 వేసవి సెలవుల్లో మరి రెండింటిని తెచ్చి, మొదటిదానితో కలిపి మూడింటినీ పరీక్షించాను.

ఆ పరీక్ష సంగతికి ముందు యంత్రం గురించి కొంచెం చెప్పాలి. కంప్యూటరు 64 బిట్ల ప్రాసెసరుది అయివుండాలి. పేరున్న సాఫ్ట్‌వేర్లలో ఎక్కువభాగం ఇప్పుడు అదే అడుగుతున్నాయి. గత పది పన్నెండేళ్ళలో కొన్న యంత్రమైతే దాదాపుగా అదే. అంతకన్నా పాతది, 32 బిట్లది మీ దగ్గరుంటే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఒక్కటే గుర్తుపెట్టుకోండి. మెమరీ రెండు జి.బి. ఉంటే పని మొదలవుతుంది, నాలుగుంటే నిశ్చింత. పాత హార్డుడిస్కు తీసేసి చిన్న ఎస్.ఎస్.డి. వేస్తే శబ్దమూ తగ్గుతుంది, చెడిపోవటమూ తగ్గుతుంది.

ముఖ్యమైనది నెట్‌వర్కు కార్డు. మామూలు కంప్యూటరుకు వైరు పెట్టే రంధ్రం ఒకటే ఉంటుంది. చెక్‌పోస్టుకు రెండువైపులా రోడ్డు కావాలి గదా, రెండోది కొనాలి. హిందూపురంలో నాకు వెయ్యి రూపాయల లోపే దొరికింది. ఇంటెల్ చిప్పున్న కార్డు అయితే ఏ సాఫ్ట్‌వేరైనా గుర్తుపడుతుంది. రియల్‌టెక్ చిప్పున్నవి చవక, ఎక్కువగా దొరికేవీ అవే. లినక్సు మీద నడిచే సాఫ్ట్‌వేర్లకు వాటితో సాధారణంగా పేచీ ఉండదు. ఫ్రీబిఎస్‌డి మీద నడిచేవాటికి మాత్రం కొన్ని రియల్‌టెక్ కార్డులు పడవు, లైను ఉన్నట్టుండి తెగుతూ ఉంటుంది. యు.ఎస్.బి.కి తగిలించే వైరు కార్డుల మీద ఆధారపడకండి. ఇక వైఫై. పాత కంప్యూటరుతోనే వైఫై కూడా ఇప్పించాలని ప్రయత్నించి రోజులు పాడుచేసుకోవద్దు. ఇంట్లో మూలపడిన వైఫై పెట్టె ఏదైనా ఉంటే, దానిలో చిరునామాలు పంచే పని, అంటే డి.హెచ్.సి.పి., ఆపేయండి. దాని సొంత చిరునామా వేరే దేనితోనూ ఢీకొనకుండా మార్చి, లాన్ అని రాసివున్న రంధ్రానికి వైరు తగిలించండి. అది వైఫై పంచుతుంది, కాపలా కంప్యూటరు కాస్తుంది.

కరెంటు లెక్క కూడా చెప్పాలి. లెక్కల టీచరును కదా, ఊరుకోలేను. పాత కంప్యూటరు ఊరికే ఉన్నప్పుడు 40 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 24 గంటలు నడిస్తే 960 వాట్-గంటలు, అంటే ఇంచుమించు ఒక యూనిట్. నెలకు ముప్ఫై యూనిట్లు. చిన్నపెట్టె 10 వాట్లదైతే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు. ఈ తేడా భరించగలమా అని ముందే ఆలోచించుకోవాలి. మేము సాయంత్రం బడి మూసేటప్పుడు ఆపేస్తాం.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు. ఈ రంగంలో పేర్లు వినేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పాత పుస్తకాల్లో, పాత పట్టికల్లో మెచ్చుకున్నవాటిలో కొన్ని నిలిచిపోయాయి. మోనోవాల్ అని ఒకటుండేది. మాన్యుయెల్ కాస్పర్ అనే ఆయన మొదలుపెట్టి నడిపారు. ఎందరికో అది మొదటి పాఠం. 2015 ఫిబ్రవరిలో ఆయనే దాన్ని ముగించి, ఇక ఓపిఎన్‌సెన్స్ చూడండని వాడుకరులకు చెప్పారు. ఎంత సులభమైనదైనా కొత్త మరమ్మతులు రాని సాఫ్ట్‌వేరును చెక్‌పోస్టులో కూర్చోబెట్టకూడదు. దొంగలకు దాని లోపాలు తెలిసిపోయి ఉంటాయి, మూసేవారు ఉండరు. కాబట్టి ఏది ఎంచుకున్నా ముందు దాని సొంత వెబ్‌సైటులో చివరి విడుదల ఎప్పుడు వచ్చిందో చూడండి.

మోనోవాల్‌నుంచే 2004లో పిఎఫ్‌సెన్స్ పుట్టింది. పిఎఫ్‌సెన్స్‌నుంచి 2015 జనవరిలో ఓపిఎన్‌సెన్స్ విడివడింది, నెదర్లాండ్స్‌కు చెందిన డెసిసో అనే సంస్థ దాన్ని నడిపిస్తోంది. రెండూ ఫ్రీబిఎస్‌డి మీద నడుస్తాయి, అక్కచెల్లెళ్ళ వంటివి, ఒకటి తెలిస్తే రెండోది సగం తెలిసినట్టే. రెండింటిలోనూ అమరికలన్నీ ఒకే ఫైలులో దాగి ఉంటాయి. ఆ ఫైలు పెన్‌డ్రైవులో పెట్టుకుంటే, యంత్రం చచ్చిపోయినా ఇంకో యంత్రంలో మళ్ళీ ప్రాణం పోయవచ్చు. పిఎఫ్‌సెన్స్ గురించి పుస్తకాలూ వీడియోలూ ఎక్కువ. కాని దాని కొత్త ఇన్‌స్టాలరు పనిచేసేటప్పుడే ఇంటర్నెట్ లైను అడుగుతుంది, పల్లెలో అదొక చిక్కు. అందుకే పరీక్షకు ఓపిఎన్‌సెన్స్ తీసుకున్నాను. ప్రతి ఏడాది జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి పెద్ద విడుదలలు రావటం దాని పద్ధతి. పెన్‌డ్రైవు నుంచే నడిపించి చూసి, నచ్చితేనే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు. అమరికలు ఎక్కడున్నాయో వెతకటానికి పైన ఒక గడి ఉంటుంది, అది చాలా ఉపయోగం.

మూడోది ఐపిఫైర్. ఇది లినక్సు మీద నడుస్తుంది. దీనిలో ప్రపంచాన్ని రంగులుగా విభజించారు. ఎరుపు అంటే బయటి ఇంటర్నెట్. ఆకుపచ్చ అంటే మన లోపలి కంప్యూటర్లు. నీలం అంటే వైఫై. నారింజ అంటే బయటివారికి కనిపించాల్సిన సర్వర్లు ఉంటే వాటికి. మనవంటివారికి ఎరుపూ ఆకుపచ్చా చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏ కార్డు ఎరుపు, ఏ కార్డు ఆకుపచ్చ అని అడుగుతుంది. ఆ తరువాత ప్రతి పేజీలోనూ అవే రంగులు కనిపిస్తాయి.

పరీక్ష ఎలా పెట్టానంటే, మా సాంఘికశాస్త్రం సారునూ అటెండరన్ననూ కూర్చోబెట్టి, నేను నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను. సారుది కన్నడం, ఇంగ్లీషు బాగా చదవగలరు. అన్నది తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాడు. మూడు పనులు ఇచ్చాను. లైను ఉందో లేదో చెప్పాలి. ఏ కంప్యూటరు ఎక్కువ లాగుతోందో కనుక్కోవాలి. నేను కావాలని ఒక అమరిక చెడగొడతాను, పెన్‌డ్రైవులోని ప్రతితో తిరిగి బాగుచేయాలి.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో మొదటి పని ఇద్దరూ చేశారు. రెండో పనికి విడిగా ఒక ప్యాకేజీ వేసి ఉండాలి. మూడో పనిలో అమరికలు తిరిగి వచ్చాయి. కాని మొత్తం కొత్తగా ఎక్కించాల్సి వస్తే, నేను విడివిడిగా చేర్చిన ప్యాకేజీలన్నీ మళ్ళీ చేర్చుకోవాలి. ఆ జాబితా నా తలలోనే ఉండేది! ఒకరి వీడియో మరొకరి పనిని తొక్కకుండా లైనును పంచే విషయంలో మాత్రం దాన్ని మించింది నేను చూడలేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఓపిఎన్‌సెన్స్‌లో సారు మూడు పనులూ చేశారు, ముప్పావుగంట పట్టింది. "మేడం, ఇది జమీందారు ఇల్లులాగా ఉంది, గదులు ఎక్కువ," అన్నారు. అన్న మాత్రం రెండో మెనూ దగ్గరే ఆగిపోయాడు.

ఐపిఫైర్‌లో మొదటి పేజీ తెరవగానే అన్న ఎర్ర గడి మీద వేలు పెట్టి, "ఇది బయటిది," అన్నాడు. కనెక్షన్ల పేజీలో ప్రతి చిరునామా తన రంగులోనే కనబడుతుంది. ఆకుపచ్చ చిరునామాలలో ఏది మాటిమాటికీ వస్తోందో చూసి, కిటికీ పక్క కంప్యూటరు అని సరిగ్గానే పట్టుకున్నాడు. మూడో పనికి సారు సాయం కావలసివచ్చింది, ఇద్దరూ కలిసి పది నిమిషాల్లో చేశారు. మా బడికి అదే ఖాయం చేశాను.

అందరికీ అదే మంచిదని నేననటం లేదు. ఐపిఫైర్ కొత్తరకం చిరునామాల విషయంలో, అంటే ఐ.పి. ఆరో వెర్షను విషయంలో వెనకబడి ఉంది. పాతరకం చిరునామాలతో మా పని జరిగిపోతోంది, మీకు ఆ కొత్తవే తప్పనిసరి అయితే ఇది వద్దు. రెండు ఊళ్ళలో ఆఫీసులుండి, రెండింటినీ రహస్యమార్గంతో కలపాలనుకునే సంస్థకు, చూసుకోవటానికి కంప్యూటరు తెలిసిన కుర్రవాడు ఒకడు ఉంటే, ఓపిఎన్‌సెన్స్ తీసుకొమ్మనే చెబుతాను. ఒక్కరే చూసుకునే చిన్న దుకాణమైతే, ఆ ఒక్కరికి ఓపిక ఉంటే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి హాయిగా ఉంటుంది.

ఇక పెట్టుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కులలో పెద్దది ఒకటుంది. నాకు ఒక సాయంత్రమంతా తిన్నది అదే. కాగితం కలం దగ్గరుంటే రాసుకోండి. 192.168.1.1. లైనువారు ఇచ్చే పెట్టెల్లో చాలావాటి చిరునామా ఇదే. పిఎఫ్‌సెన్స్, ఓపిఎన్‌సెన్స్, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి, ఈ మూడూ లోపలివైపు తమంతట తాము పెట్టుకునే చిరునామా కూడా ఇదే. ఊళ్ళో రెండు వీధులకూ ఒకే పేరు, రెండు ఇళ్ళకూ ఒకే నంబరు పెడితే ఉత్తరం ఎవరికివ్వాలో పోస్టుమాన్‌కు తెలుస్తుందా? అలాగే రౌటరు తికమకపడుతుంది. అన్నీ సరిగ్గానే పెట్టాం, లైటు కూడా వెలుగుతోంది, అయినా ఒక్క పేజీ తెరుచుకోదు. దీనికి మందు చాలా చిన్నది. లోపలివైపు చిరునామాను 192.168.10.1 అని మార్చేయండి, అంతే. ఐపిఫైర్‌లో ఈ చిరునామాను ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మనల్ని అడుగుతుంది కనుక, మనసుపెట్టి వేరేది రాస్తే గొడవే రాదు.

ఇన్‌స్టాల్ చేయటం గురించి ఎక్కువ చెప్పను. అసలు వెబ్‌సైటునుంచి ఫైలు దించుకుని, రూఫస్ లేక ఎచర్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానితో కంప్యూటరును మొదలుపెట్టాలి. ఆ డిస్కులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలూ లెక్కల పుస్తకాలూ ఉంటే ముందే తీసి దాచుకోండి. ఓపిఎన్‌సెన్స్‌కు మొదట్లో ఉండే సంకేతపదం లోకానికంతా తెలిసిందే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టికి మొదట అసలు సంకేతపదమే ఉండదు. మార్చిన తరువాతే బయటి వైరు తగిలించండి. ఐపిఫైర్ పేజీ తెరవటానికి చిరునామా చివర 444 అనే నంబరు చేర్చాలి, అది తెలియక చాలామంది పేజీ రాలేదనుకుంటారు. కంప్యూటరు బయాసులో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు దానంతట అదే మొదలయ్యే అమరిక ఒకటుంటుంది. దాన్ని తప్పక పెట్టండి. ఆరోజు అది పెట్టివుంటే మాకు సగంపూట మిగిలేది. చిన్న యు.పి.ఎస్. ఉంటే ఇంకా మంచిది.

లైనును పంచే అమరికలో రెండు అంకెలు అడుగుతారు, దిగే వేగం, ఎక్కే వేగం. ఒప్పందంలో రాసిన వేగం కాకుండా, మీరు కొలిచి చూసిన వేగంలో తొంభై శాతం వేయండి. నూటికి నూరు వేస్తే వరుస మన చేతిలో ఉండదు, లైనువారి పెట్టెలో పోగుపడుతుంది.

తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేది ఒకటుంది. "టీచరమ్మా, చెడ్డవి కనబడకుండా ఇది ఆపుతుందా?" అని. కొంతవరకే అని నిజం చెబుతాను. ఇప్పుడు దాదాపు అన్ని పేజీలూ సీలువేసిన కవరులో వస్తాయి. మన చెక్‌పోస్టుకు కవరు మీది చిరునామా తెలుస్తుంది, లోపలి ఉత్తరం తెలియదు. కాబట్టి చిరునామాను బట్టి ఆపటమే వీలవుతుంది. 2020లో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ కుటుంబాల కోసం ఉచితంగా పెట్టిన 1.1.1.3 అనే సేవ ఉంది. పేర్లను వెతికే పని దానికి అప్పగిస్తే పెద్దల బొమ్మలున్న సైట్లు చాలావరకు ఆగుతాయి. ఐపిఫైర్‌లో డి.ఎన్.ఎస్. పేజీలో అది రాసుకోవచ్చు, అక్కడే సురక్షిత వెతుకులాట అనే గడి మీద టిక్కు కూడా పెట్టవచ్చు. కాని పిల్లవాడి జేబులోని ఫోనుకు సొంత డేటా ఉంటే, అది మన చెక్‌పోస్టు దారినే పోదు. గదిలో ఒక టీచరు కూర్చోవటం తప్పదు. మేము కూర్చుంటాం.

ఇప్పుడు రెండు భాషల సంగతికి వస్తాను. తెరమీద ఉన్నదంతా ఇంగ్లీషు. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ కన్నడం. దానిలో సాంకేతికం ఏమీ లేదు. వైరు ఊడితే ఏమి చేయాలి, కరెంటు పోయి వస్తే ఏమి చూడాలి, ఏ పేజీ తెరవాలి, పెన్‌డ్రైవు ఏ సొరుగులో ఉంది, అంతే. సంకేతపదం మాత్రం హెడ్మేష్టరుగారి బీరువాలో విడిగా మూసిన కవరులో ఉంది. వైర్లకూ వాటి రంధ్రాలకూ ఎరుపు టేపు, ఆకుపచ్చ టేపు చుట్టాను. రాసేటప్పుడు ఒక తమాషా జరిగింది. మొదట తెలుగు పేజీలో పచ్చ వైరు అని రాశాను. అటెండరన్న అది చదివి పసుపు టేపు కోసం వెతికాడు! మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది గదా. కన్నడంలో హసిరు అన్నాక ఈ చిక్కు లేదు. కొట్టేసి, ఆకుపచ్చ అని రాశాను. ఎవరు దేన్ని మార్చినా తేదీ వేసి వెనక పేజీల్లో రాయాలని నియమం పెట్టుకున్నాం. మార్పు చేసిన ప్రతిసారీ అమరికల కొత్త ప్రతి పెన్‌డ్రైవులోకి వెళ్ళాలి.

2025 జనవరిలో నేను బంధువుల పెళ్ళికని అయిదు రోజులు బళ్ళారి వెళ్ళాను. అయిదు రోజులూ ఫోను రాలేదు. తిరిగి వచ్చి పుస్తకం తిరగేస్తే వెనక పేజీలో అటెండరన్న చేతిరాత కనబడింది. తేదీ వేసి, "ఎలుక ఎర్ర వైరు కొరికింది. కొత్త వైరు పెట్టి ఎర్ర టేపు చుట్టినా. లైను వచ్చింది" అని రాశాడు. దాని కిందనే మా సాంఘికశాస్త్రం సారు కన్నడంలో, బీరువా వెనక ఎలుకల బోను పెట్టామని రాశారు.